పన్నెండో గాడి

పోయినవారం ఇంజను భోజనాలబల్ల మీదికి ఎక్కింది, ఇంట్లోవాళ్లు నేల మీదికి దిగారు. ఈ వారం కూడా ఎవరి స్థానాల్లో వాళ్లున్నారు.

మధ్యలో వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. ఇంజను మన ఇల్లాలి నాన్నగారి కారుది. ఆయన గడియారాలు బాగుచేసేవారు. మామూలు ఇంజన్లలో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఉంటాయి. ఈ కారులో అవి లేవు. వాటి బదులు మూడు మూలలున్న ఇనప దిమ్మలు రెండు, ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా తిరుగుతాయి. వాటిని రోటర్లంటారు. కొట్టుకోకుండా తిరిగే ఇంజను అని వినగానే గడియారాలాయన ఇంకో కారు వైపు కన్నెత్తి చూడలేదు. పదకొండేళ్ల కిందట అది బలం తగ్గిపోయి, దగ్గి, ఆగింది. "నూనె చూసుకోకుండా నడిపాను. నా చేతులతో నేనే చంపుకున్నాను" అని ఆయన పోయేదాకా అంటూనే ఉన్నారు. ఆయన పోయి రెండేళ్లు. కారు మాత్రం అన్నయ్య లేత్ వర్క్‌షాపు వెనక షెడ్డులో ఉండిపోయింది.

ఆ షెడ్డులో అన్నయ్య కొత్త మిషను పెట్టుకోవాలి. ఆదివారం పొద్దున పాత ఇనుము లారీ వస్తుంది. ఆలోగా చెల్లెలు ఇంజను బాగుచేసి, బిగించి, స్పానరుతో తిప్పి చూపించాలి. ఒక్కో రోటరు మూడేసి ఊపిరులు సమానంగా వదలాలి. బుస్, బుస్, బుస్. అలా వదిలితే కారు ఆమెది, ఒక్క బుస్సు తగ్గినా లారీది. అన్నాచెల్లెళ్ల ఒప్పందం అది.

ఇవాళ శుక్రవారం.

శుక్రవారం ఆమె భర్త పనిచేసే లైబ్రరీకి సెలవు. ఇంజనులో వేసే స్ప్రింగుల పార్సెలు వచ్చిందని కబురొస్తే ఇల్లాలు పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి పన్నెండైంది. చెప్పులు విడిచి వంటగదిలోకి అడుగుపెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. గది మెరుస్తోంది. సింకులో ఒక్క గిన్నె లేదు. పొయ్యి చుట్టూ తుడిచి ఉంది. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో తను లేనప్పుడు వంటగది మెరవడం ఇదే మొదటిసారి. దొంగలు పడ్డారేమో అనుకుంది.

తర్వాత ఆమె చూపు కిటికీ గట్టు మీదికి వెళ్లింది. గట్టు ఖాళీగా ఉంది.

"ఏవండీ," అంది. గొంతు పెంచలేదు. "ఇక్కడ గ్లాసులుండాలి. పన్నెండు."

"అల్మారాలో ఉన్నాయి," అన్నాడు లైబ్రేరియన్ పక్కగది నుంచి. ఎవరో మెచ్చుకోబోతుంటే 'అబ్బే, నాదేముంది' అనడానికి సిద్ధంగా ఉన్న మనిషి గొంతు అది. "బుధవారం అన్నావుగా, ఈ ఇంట్లో నీకు తప్ప ఇంకెవరి కంటికీ ఎంగిలిగిన్నెలు ఆనవని. ఇవాళ ఆనాయి."

ఇల్లాలు అల్మారా తెరిచింది. పన్నెండు స్టీలు గ్లాసులు బోర్లించి, వరసగా, ముఖం చూసుకునేంత శుభ్రంగా ఉన్నాయి.

వారం రోజులుగా ఆ ఇంట్లో మంచినీళ్లు గిన్నెల్లోనూ, మూతల్లోనూ, ఒకసారి కొలపాత్రలోనూ తాగుతున్నారు. దానికి కారణం ఉంది. ఒక్కో రోటరుకి రెండు ముఖాలు, ఒక్కో ముఖానికి మూడు గాడులు, ఒక్కో గాడిలో కనుబొమ్మలా వంగిన సన్నటి ఉక్కు పట్టీ. లోపల మండిన గ్యాసు పక్కల నుంచి జారిపోకుండా ఆపేది ఆ పట్టీయే. పక్క సీలు అంటారు. మొత్తం పన్నెండు. ఇన్నేళ్లుగా ఏ పట్టీ ఆ గాడితోపాటే అరిగి, దాని ఒంపుకీ దాని పొడవుకీ అలవాటుపడి ఉంటుంది. దేన్ని తీస్తే దాన్ని అక్కడే పెట్టాలి. పోనీ కొత్తవి వేద్దామంటే ఎక్కడా లేవు. మూడు దుకాణాలకు ఉత్తరాలు రాస్తే ఒకే ఒక్క జవాబు వచ్చింది. అందులో బట్టలుతికే మిషను రబ్బరు ఫొటో ఉంది.

అందుకని ఒక్కో పట్టీని ఒక్కో గ్లాసులో టూత్‌బ్రష్‌లా నిలబెట్టి, కిటికీ గట్టు మీద ఆరు చొప్పున రెండు వరసలు పేర్చింది. ముందు వరస ముందు రోటరు, వెనక వరస వెనక రోటరు. చీటీలు కూడా అంటిద్దామనే అనుకుంది. జిగురు సీసా మూత ఊడలేదు. రేపు చూద్దాంలే అనుకుంది.

ఇప్పుడామె ఒక గ్లాసు తీసి, నీళ్లు పట్టుకుని, కూర్చుని తాగింది. వారం తర్వాత గ్లాసులో మంచినీళ్లు. హాయిగా ఉన్నాయి. అందుకు ఇంకా కోపం వచ్చింది.

"వాటిలో ఉన్నవి?" అని అడిగింది.

లైబ్రేరియన్ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ఒక అట్ట పట్టుకొచ్చాడు. అట్ట మీద తెల్లకాగితం, కాగితం మీద పన్నెండు పట్టీలు, ఒక్కోదాని పక్కన గుండ్రటి దస్తూరిలో నంబరు. ఒకటి నుంచి పన్నెండు దాకా.

"సబ్బుతో తోమి, తుడిచి, తుప్పు పట్టకుండా కుట్టుమిషను నూనె రాశాను," అన్నాడు. "నువ్వు హడావుడిలో ఎలా పడితే అలా పెట్టినట్టున్నావు, పెద్దదీ చిన్నదీ కలగాపులగంగా. చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయిగానీ పక్కపక్కన నిలబెట్టి గోటితో తడిమితే తేడా తెలుస్తుంది. పొడవు ప్రకారం సర్దాను. పొడుగుది ఒకటి, పొట్టిది పన్నెండు."

ఇల్లాలు ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి, ఏ గ్లాసు ఏ గాడిదో, ఎందుకు అలా పెట్టిందో చెప్పింది. వింటున్నకొద్దీ లైబ్రేరియన్ ముఖంలో మెప్పుకోసం ఆరాటం కొంచెంకొంచెంగా దిగిపోయింది.

"అంటే," అన్నాడు చివరికి, "పుస్తకాలు నంబర్ల వరసలో ఉంటే ఎవడో వచ్చి రంగుల ప్రకారం సర్దేసినట్టన్నమాట."

"కాదండీ. అట్టలన్నీ చింపి, లోపలి కాగితాలు విడదీసి, పొడవు ప్రకారం సర్దినట్టు."

లైబ్రేరియన్ కూర్చున్నాడు. కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చున్నాడు. అదృష్టం, ఉంది.

కిటికీ పక్కన బఠానీలు ఒలుచుకుంటున్న అత్తగారు తలెత్తకుండానే అందుకుంది. ఆవిడ ముప్పై ఏళ్లు చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. ఇప్పటికీ ఆవిడ మాట్లాడితే ఎదుటివాళ్లు చేతులు కట్టుకోవాలనిపిస్తుంది.

"వాణ్ణేమీ అనకమ్మాయ్. ఎనిమిదేళ్లప్పుడు రేడియో విప్పి, మరలన్నీ సైజుల ప్రకారం సీసాల్లో పోశాడు. ఎంత ముచ్చటగా ఉండేవో ఆ సీసాలు. ఊళ్లోవాళ్లంతా చూసిపోయారు."

"రేడియో ఏమైందత్తయ్యా?"

"సీసాల్లో ఉంది."

"అమ్మా!" అన్నాడు లైబ్రేరియన్.

"నువ్వు నోరుముయ్యరా. గ్లాసులు కడగాలని బుద్ధి పుట్టినప్పుడు 'ఇవి ఇక్కడెందుకున్నాయి' అని అడగాలనే బుద్ధి కూడా పుట్టాలి."

"అడిగితే తను వద్దనేది."

"అనేదాన్ని," అంది ఇల్లాలు.

"మరి!" అన్నాడు, వాదనలో నెగ్గినవాడిలా. తర్వాత నెగ్గినందువల్ల ఒరిగిందేమీ లేదని అతనికే అర్థమై, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

బల్ల మీద రెండు రోటర్లూ పాత దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఉన్నాయి. కలిసిపోకుండా ముందుదాని మూలల మీద ఎర్ర గోళ్లరంగు చుక్కలు, వెనకదాని మీద ఊదారంగు చుక్కలు పెట్టింది ఇల్లాలు. ఆ ఊదారంగు ఎవరి పెళ్లికో కొని, వేసుకున్నాక తన చేతికి నప్పలేదని మూలన పడేసింది. రోటరుకి మాత్రం బాగా నప్పింది.

పన్నెండు పట్టీలు, పన్నెండు గాడులు. ఒక్కోదాన్నీ అన్నిట్లో పెట్టి చూడాలంటే నూట నలభైనాలుగు సార్లు. ప్రతిసారీ మూలల్లోని గుండ్రటి ముక్కలు సరిచూసుకోవాలి, సందు కొలవాలి, రాసుకోవాలి. ఈ పూటతో అయ్యే పని కాదు. రేపు సాయంత్రానికి ఇంజను మొత్తం బిగించి ఉండాలి. ఇల్లాలు వేళ్ల మీద గంటలు లెక్కవేస్తోంది. వేళ్లు చాలడం లేదు.

"వానరోజున బడి ముందు చెప్పులు కలిసిపోయేవి," అంది అత్తగారు ఒక బఠానీకాయ చిదుముతూ. "నలభైమంది పిల్లలు, ఎనభై చెప్పులు, అన్నీ బురదే, అన్నీ ఒకే దుకాణంలో కొన్నవే. నా తర్వాత వచ్చిన పంతులమ్మ ఒక్కో పిల్లనీ పిలిచి నీదేదే అని అడిగేది. చీకటి పడేది, ఏడుపులు మొదలయ్యేవి."

"మీరేం చేసేవారు?"

"అన్నిటికంటే పెద్ద చెప్పు తీసేదాన్ని. అది చిన్నకాళ్లకి ఎలాగూ వదులే. ఏ కాలికి సరిపోతే వాణ్ణి ఇంటికి పంపెయ్యడం. తర్వాత మిగిలినవాటిలో పెద్దది. నిమిషనిమిషానికీ పిల్లలూ తగ్గేవారు, చెప్పులూ తగ్గేవి." అప్పుడు తలెత్తి కొడుకు వైపు చూసింది. "నీ చెప్పులు సైజుల వరసలోనే ఉన్నాయిగా?"

ఇల్లాలూ లైబ్రేరియనూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మధ్యాహ్నం వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోవడం అదే మొదలు.

"కార్డులు తెస్తాను," అన్నాడు లైబ్రేరియన్.

అన్నట్టే లైబ్రరీ కార్డుల కట్ట తెచ్చుకుని బల్లకి ఒక కొసన కూర్చున్నాడు. ఇల్లాలు ఇంకో కొసన నిలబడింది. ఆమె చేతిలో ఫీలర్ గేజ్ ఉంది. జేబుకత్తిలా విచ్చుకునే పలచటి రేకుల కట్ట అది. ఒక్కో రేకు మందం దాని మీదే రాసి ఉంటుంది. పట్టీని గాడిలో పెట్టాక చివర మిగిలిన సందులో ఏ రేకు దూరుతుందో చూస్తే ఆ సందు ఎంతో తెలిసిపోతుంది. సందు మరీ తక్కువైతే వేడికి పట్టీ సాగి బిగుసుకుంటుంది, మరీ ఎక్కువైతే గ్యాసు జారిపోతుంది. ఆమె లెక్క ప్రకారం మూడో రేకు దూరాలి, నాలుగోది దూరకూడదు.

ఒకటో నంబరు పట్టీ మొదటి గాడిలో పట్టనేలేదు. రెండోదాంట్లోనూ అంతే. మూడు, నాలుగు కూడా కాదు. ఐదో గాడిలో కాస్త వ్యాసలైన్ రాసి వదలగానే, ఇంటికొచ్చినట్టు, చప్పుడు లేకుండా కూర్చుంది. మూడో రేకు దూరింది. నాలుగోది మొరాయించింది.

"ఎరుపు, వెనక ముఖం, రెండో గాడి," అంది ఇల్లాలు.

లైబ్రేరియన్ రాసుకున్నాడు. "రచయిత పేరు దగ్గర ఏం రాయను?"

"కంపెనీవాళ్లని రాయండి."

"ప్రచురించిన సంవత్సరం?"

ఆమె నవ్వలేదు. కానీ నవ్వకుండా ఉండడానికి కొంచెం కష్టపడింది. అది అతను కనిపెట్టాడు. ఆ తర్వాత పని చకచకా సాగింది. ఆమె చెప్పడం, అతను రాయడం, అత్తగారు ఒలిచిన బఠానీలు గిన్నెలో పడడం. ఐదో పట్టీ దగ్గర రెండు గాడులు సరిపోయినట్టే అనిపించి ఇల్లాలు తటపటాయించింది. "ఇద్దరికీ సరిపోతే ఇద్దర్నీ కూర్చోబెట్టు. తర్వాతి చెప్పు తేలుస్తుంది" అంది అత్తగారు. ఆరోదే తేల్చింది. మూడున్నరకి లైబ్రేరియన్ లేచి కాఫీ పెట్టాడు. గ్లాసుల్లో పోశాడు. తాగిన గ్లాసులు ఎక్కడ పెట్టాలో ముందుగా అడిగాడు.

నాలుగున్నరకి పదకొండు కార్డులు పూర్తయ్యాయి. మిగిలింది ఒక పట్టీ, ఒక గాడి. వెనక రోటరుకి గేరుబాక్సు వైపుండే ముఖంలో, కంపెనీవాళ్లు పోతలోనే వేసిన చిన్న అక్షరం పక్కనున్న గాడి.

"ఇంక కొలవడమెందుకు? ఉన్నది అదొక్కటే," అన్నాడు లైబ్రేరియన్, కార్డు మీద అప్పుడే రాయబోతూ.

ఇల్లాలు పన్నెండో పట్టీని గాడిలో వదిలింది. అది కూర్చోలేదు. ఇటూఅటూ జారింది. మూడో రేకు దూరింది. నాలుగోది దూరింది. ఐదు, ఆరు, ఏడు. చివరికి రేకులన్నీ కలిపి దూర్చినా ఇంకా చోటుంది. ఆమె చెయ్యి చాపి భర్త చేతిలోని కార్డు తీసుకుంది. కార్డు కూడా దూరింది.

"దీన్ని విరిచారా?"

"లేదు."

"తోమేటప్పుడు గట్టిగా పట్టుకుని..."

"లేదంటున్నానుగా. నేను సర్దేటప్పుడే పదకొండుకీ పన్నెండుకీ తేడా కంటికి ఆనింది. మిగతావాటిలా గోటితో తడమాల్సిన పని కూడా లేకపోయింది. కడిగిన తప్పు ఒప్పుకున్నాను. విరిచిన తప్పు మాత్రం నాది కాదు."

అబద్ధమాడేటప్పుడు అతను కళ్లజోడు సర్దుకుంటాడు. ఇప్పుడు సర్దుకోలేదు. ఆమె పట్టీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నాన్న గడియారాలు చూసుకునే భూతద్దం కంటికి పెట్టుకుంది. ముందు పదకొండో నంబరు చివర చూసింది. కంపెనీలో కోసిన కోత, నున్నగా, అద్దంలా ఉంది. తర్వాత పన్నెండోది చూసింది.

ఒక చివరంతా ఏటవాలు గీతలు. ఒకదాని మీద ఒకటి, తొందరతొందరగా, పళ్లు అరిగిన ఆకురాయితో గీసిన గీతలు. గాడిలో పట్టడం లేదని ఎవరో ఆకురాయి పట్టి రాశారు. కొంచెం రాసి చూసుకోవాల్సింది ఒకేసారి ఎక్కువ రాసేశారు. రాసేసి, ఏమీ ఎరగనట్టు లోపల పెట్టి బిగించేశారు.

ఆమె భూతద్దం తీసింది.

"ఈ ఇంజనుని ఇంతకుముందే ఎవరో విప్పారు," అంది.

"కంపెనీలో బిగించాక మనమే మొదటిసారి విప్పామన్నావు?"

"నాన్న అలాగే చెప్పారు. అన్నయ్యా అంతే అన్నాడు." ఇల్లాలు వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఆ రోజుల్లో నాన్న బానెట్ తెరిచి, గడియారం విన్నట్టు చెవి పెట్టి వినేవారు. మూడింట్లో ఒకటి తగ్గుతోందే అమ్మాయ్, అనేవారు. నూనె వల్ల పోతే అన్నీ పోతాయి కదండీ. ఒక్కటే ఎందుకు తగ్గుతుంది? నాకు అప్పుడు తెలియలేదు. ఇది నూనె చేసిన పని కాదు. ఆకురాయి చేసిన పని."

అత్తగారి చేతిలో బఠానీకాయ అలాగే ఉండిపోయింది.

"అయితే పాపం, ఆయన తొమ్మిదేళ్లు ఊరికే బాధపడ్డాడన్నమాట," అంది.

లైబ్రేరియన్ పన్నెండో కార్డు మీద ఏమీ రాయకుండా కలం మూత పెట్టేశాడు. ఇల్లాలికి నాన్న మీద జాలి వేసింది, ఆ మొహం తెలియని మెకానిక్కు మీద కోపం వచ్చింది. రెండూ ఎటూ తేలకముందే ఆదివారం గుర్తొచ్చింది. ఈ పట్టీ పెట్టి బిగిస్తే వెనక రోటరు బుస్, బుస్ అని రెండుసార్లు అని, మూడోసారి నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు వినడానికి లారీవాడు గేటు బయట నిలబడే ఉంటాడు.

నాన్న సామాను డబ్బాలన్నీ అన్నయ్య వర్క్‌షాపులోనే ఉన్నాయి. పాతదో పగిలిందో, ఒక్క పట్టీ అందులో దొరక్కపోతుందా అనిపించి ఫోన్ అందుకుంది.

అవతల లేత్ రొద మధ్య అన్నయ్య గొంతు వినబడింది.

"ఏంటమ్మా, లారీని రేపే రమ్మననా?"

"ఆదివారమన్నాక ఆదివారమే. నీ తొందర నీ మిషన్ల దగ్గర చూపించుకో. నాన్న సామాను డబ్బాలు ఒకసారి వెతికిపెట్టన్నయ్యా. నాకు ఒక పక్క సీలు కావాలి."

"నీ దగ్గర పన్నెండూ ఉండాలే. మీ ఆయన గానీ చెత్తబుట్టలో వేశాడా?"

"ఆయన జోలికి రాకు. పన్నెండూ ఉన్నాయి. ఒకటి పొట్టిగా ఉంది. ఎవడో చేతకానివాడు ఆకురాయితో రాసి పారేశాడు. ఎంత సందనుకున్నావు? లైబ్రరీ కార్డు పడుతోంది."

లేత్ తిరుగుతూనే ఉంది. అన్నయ్య కాసేపు ఆలోచించాడు. పనిలో ఉన్నప్పుడు అతను అలాగే ఆలోచిస్తాడు, పెదవి కొరుక్కుంటూ. మాట్లాడినప్పుడు కూడా పనిమంతుడు ఇంకో పనిమంతుడితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"కొత్తది దొరికినా అక్కడ ఊరికే పెడితే చాలదే. గాడి చివర చిన్న దెబ్బ ఉంటుంది, అది సాపు చెయ్యకపోతే మళ్లీ పట్టదు. గేరుబాక్సు వైపు కాబట్టి నీడ పడి కనబడదు. అక్షరం ఉందే, దాని కిందుగా గోరు పెట్టి తడుము. తగులుతుంది."

ఇల్లాలు లేచి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, అక్షరం కిందుగా గోరు పెట్టి తడిమింది. తగిలింది. నువ్వుగింజంత నొక్కు.

"ఉంది," అంది.

అన్న తర్వాత ఆమె చెయ్యి రోటరు మీద అలాగే ఆగిపోయింది. బల్ల అవతల నుంచి లైబ్రేరియన్ 'ఏమిటి' అన్నట్టు చూశాడు.

"అన్నయ్యా, ఏ గాడో నేను నీకు చెప్పలేదు."

అవతల లేత్ ఆగిపోయింది. రొద పోయాక అన్నయ్య ఊపిరి వినబడింది, చాలా దగ్గరగా.

"నాన్నకి తెలుసే," అన్నాడు. "మొదటిరోజే తెలుసు. నీకు చెప్పొద్దన్నది ఆయనే."